శుక్రవారాల డాక్టరు గారు

కోపం ఒంటికి మంచిది కాదని రోజూ నలుగురికి చెప్పి జీతం తీసుకునే మనిషిని నేను. బీపీ పెరుగుతుంది, నిద్ర చెడుతుంది, షుగరు అదుపు తప్పుతుంది అని చెబుతాను. వినేవాళ్లు బుద్ధిగా తలూపుతారు. నేను చెప్పేది అబద్ధమేమీ కాదు. నా సంగతి వేరు, అంతే. ఒక మనిషి మీద ఏళ్ల తరబడి కోపం పెంచి పోషిస్తున్నాను, నా బీపీ మాత్రం భేషుగ్గా ఉంది.

ఆ మనిషి మా ఆస్పత్రిలో మానసిక వైద్య విభాగానికి పెద్దగా ఉండేవాడు. మా జిల్లావాడే. నేను చేరిన మొదటి రోజున, ‘మన అమ్మాయి వచ్చింది, ఇక నాకు బెంగ లేదు’ అని అందరి ముందూ అన్నాడు. ఆ మాటకు పొంగిపోయి ఇంట్లో రెండు రోజులు అదే చెప్పుకున్నాను. ఇప్పటికీ ఆయన్ని డాక్టరు గారు అనే అంటాను. ‘గారు’ తీసేస్తే నా కసి తీరిపోతుందేమోనని భయం.

నేను డాక్టర్ని కాదు, సైకాలజిస్టుని. బహ్రెయిన్ రాజధాని మనామాలో తెలుగువాళ్ల ఉగాది భోజనాలకు వెళితే ఎవరో ఒకరు నన్ను ‘పిచ్చి డాక్టరమ్మ’ అని పరిచయం చేస్తారు, అందరూ నవ్వుతారు, నేనూ పళ్లికిలిస్తాను. నా పని పిచ్చితో కాదు. మందు చీటీ చేతిలో ఉండి కూడా మనిషి మందు ఎందుకు వేసుకోడు, డాక్టరు వద్దన్నదే ఎందుకు తింటాడు, పరీక్షలన్నీ బాగున్నాక కూడా గుండె ఎందుకు దడదడలాడుతుంది, ఇవీ నేను చూసేవి. విశాఖలో చదువుకుని, హైదరాబాదులో షుగరు రోగుల మధ్య కొన్నేళ్లు పనిచేసి, మా ఆయన ఉద్యోగం వెంట బహ్రెయిన్ వచ్చాను. ముహర్రక్‌లో ఇల్లు తీసుకున్నాం. విమానం దిగినప్పుడల్లా వంటింటి కిటికీ అద్దాలు వణుకుతాయి. వంతెన దాటితే ఆస్పత్రి.

చేరిన కొత్తలోనే గుండె డాక్టరు నా దగ్గరికి మనుషుల్ని పంపడం మొదలుపెట్టాడు. ఎక్కువమంది మన ఉత్తర తెలంగాణ వాళ్లు. తాపీ పని, సెంట్రింగు, కడ్డీలు కట్టే పని. ఛాతీలో బరువంటారు, అరచేతులు చెమట పడతాయంటారు, ఈసీజీ తీస్తే శుభ్రంగా ఉంటుంది. నా ఎదుట కుర్చీ అంచు మీద కూర్చుంటారు. ‘ఎలా ఉన్నారు, నిద్ర పడుతోందా, మనసులో ఏమైనా దిగులుందా’ అని అడిగితే ఒకటే జవాబు.

‘ఏం లేదు మేడం. మంచిగనే ఉన్న.’

దిగులుందని ఒప్పుకుంటే ఆ సంగతి కంపెనీకి తెలుస్తుందని, తెలిస్తే టికెట్టు చేతిలో పెట్టి ఇంటికి పంపేస్తారని వాళ్ల భయం. కంపెనీ మనిషి బయట బెంచీ మీద కూర్చునే ఉంటాడు మరి. అందుకని నేను నేర్చుకొచ్చిన ప్రశ్నలన్నీ ఆ కుర్చీ ముందు ఉత్తుత్తివైపోయాయి. ఇంత చదువూ చదివి, మనిషి చేత నిజం చెప్పించడం చేతకాక కూర్చున్నాను.

దారి దొరికింది షుగరు వల్ల. జగిత్యాల వైపు నుంచి వచ్చిన కడ్డీల పనివాడు ఒకడు ఛాతీ దడతో వచ్చాడు. షుగరు కూడా ఉంది కాబట్టి ఏం తింటున్నావని అడిగాను. తోడొచ్చిన అతని గది మనిషి అందుకున్నాడు. వయసులో పెద్దవాడు, ఆ గదిలో అందరూ అతన్ని అన్నా అంటారు.

‘మా తాన వీడే మంచిగ వండుతుండె మేడం. వీని పప్పుచారుకు పక్క రూమోళ్లు గిన్నెలు పట్టుకొస్తుండె. ఇప్పుడు వంట డ్యూటీ వస్తె, నువ్వు వండు అన్నా, గిన్నెలన్నీ నేను తోముత అంటున్నడు. తినేటప్పుడు కింద కూసుంటలేడు. పళ్లెం పట్టుకొని మంచం ఎక్కుతడు.’

కడ్డీల మనిషి తల దించుకున్నాడు. కళ్లలో నీళ్లు కనపడ్డాయి. దిగులుందా అని ఎన్నిసార్లు అడిగినా రానివి పప్పుచారు మాటకు వచ్చాయి.

కంపెనీ పనివాళ్లను ఉంచే క్యాంపులో గదికి ఇంతమందని ఉంటారు, పైన కింద మంచాలు. అందరూ కలిసి సరుకులు తెచ్చుకుంటారు, వంతులవారీగా వండుకుంటారు. డ్యూటీ నుంచి వచ్చి, స్నానం చేసి, పేపర్లు పరుచుకుని చుట్టూ కూర్చుని తింటారు. వంట వంతు తప్పించుకునే వాణ్ణి మామూలుగా అయితే తిట్టిపోస్తారు. అయితే గిన్నెలు తోముతానని బేరం పెట్టిన వాణ్ణి ఎవరూ ఏమీ అనరు. మంచివాడనే అనుకుంటారు. ఆ మంచితనం వెనక మనిషి కొంచెం కొంచెంగా జారిపోతుంటాడు. వండటమంటే నలుగురికి ఏం కావాలో తలచుకోవాలి, ఉప్పు చూడాలి, బాగుందా అని అడగాలి. లోపల చితికిపోయినవాడికి అదంతా కొండ ఎత్తడంలా ఉంటుంది. గిన్నెలు తోమడానికి ఎవరి మొహమూ చూడక్కర్లేదు.

ఇది నాకు తోచాక క్యాంపుకు వెళ్లడం మొదలుపెట్టాను. సిత్రా వైపు ఉంటుందది. వారం మధ్యలో, డ్యూటీ బస్సులు వచ్చి వంటలు మొదలయ్యే సాయంత్రం వేళ వెళ్లేదాన్ని. మనసు గురించి ఒక్క ముక్క అడిగేదాన్ని కాదు. ఇవాళ వంట ఎవరిది, నీ వంతు ఎప్పుడు, ఎవరితో కూర్చుని తిన్నావు. అంతే. వంట గురించి దాచాలని వాళ్లకు తోచదు కాబట్టి కడుపులో ఉన్నదంతా చెప్పేవాళ్లు. వంతు వదులుకున్న వాళ్లతో విడిగా మాట్లాడేదాన్ని. వాళ్లలో చాలామంది అప్పటికే నిద్ర పోగొట్టుకున్నవాళ్లు, కొందరు బతుకు మీద ఆశ కూడా. కంపెనీకి ఎవరి పేరూ చెప్పకూడదని, క్యాంపును చూసుకునే పెద్ద దగ్గర ముందే మాట తీసుకున్నాను. అలా క్యాంపులోనే ఒక ఖాళీ గదిలో సాయంత్రపు క్లినిక్ మొదలైంది. కడ్డీల మనిషి మళ్లీ వంట పట్టాడు. అతని పప్పుచారు నేనూ తిన్నాను. నా ఉద్యోగ జీవితంలో నాది అని చెప్పుకోగలిగిన పని అదొక్కటే.

డాక్టరు గారికి ఇది మొదట్లో భలే నవ్వులాట. ‘ఏంటమ్మా, వంటల మీద పరిశోధనా? ఉల్లిపాయలు ఎలా తరుగుతారో కూడా రాస్తున్నావా?’ అని అందరి ముందూ ఆటపట్టించేవాడు. నేను కూడా నవ్వేదాన్ని. తర్వాత ఆ కంపెనీవాళ్లకు ఈ పద్ధతి నచ్చింది, తమ మిగతా క్యాంపుల్లో కూడా పెట్టిద్దామని ఆస్పత్రికి కబురు పంపారు. పెద్ద సభలో చెప్పాలన్నారు. అప్పుడు డాక్టరు గారికి ఉల్లిపాయల మీద గౌరవం పుట్టుకొచ్చింది.

నన్ను గదికి పిలిచి కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. టీ తెప్పించినప్పుడే నాకు అర్థమై ఉండాల్సింది.

‘ఇంత పని నీ ఒక్కదాని నెత్తిన పెట్టడం ధర్మం కాదమ్మా. ఇక నుంచి క్యాంపు నేను చూసుకుంటాను. నువ్వు అమ్వాజ్ దీవుల్లో డబ్బున్నవాళ్ల బరువు తగ్గించే క్లినిక్ చూడు. ఏసీలో హాయిగా కూర్చుని చెయ్యొచ్చు. ఆ ప్రశ్నలేవో ఒకసారి నాకు పంపించు.’

‘సార్, అది నేను మొదలుపెట్టిన పని.’

‘ఎవరు కాదన్నారు? కానీ నువ్వు డాక్టరువి కాదు కదమ్మా. కంపెనీవాళ్లకు డాక్టరు కావాలి.’

ఏడిస్తే ఆయన ముందు మరీ చులకనైపోతానని టీ కప్పు కింద పెట్టి లేచాను. గుమ్మం దగ్గర ఆగి, ఇంత జరిగినా, ఒక మాట చెప్పాను. ‘శుక్రవారం మాత్రం వెళ్లకండి సార్. శుక్రవారం అడిగితే ఏమీ తెలియదు.’

ఆయన అప్పటికే ఫోను చూస్తున్నాడు. ‘నాకు క్యాంపులు కొత్తా? నువ్వు పుట్టకముందు నుంచీ చూస్తున్నా. వెళ్లిరా అమ్మా’ అన్నాడు.

ఒకసారి చెప్పాను. రెండోసారి చెప్పలేదు. నా పగ అంతా ఆ రెండోసారి చెప్పకపోవడంలోనే ఉంది. మా ఆయన మెతక మనిషి. ‘ఇంకోసారి మెల్లగా చెప్పి చూడవే, నీ సొమ్మేం పోయింది?’ అన్నాడు. ‘చెప్పను’ అన్నాను. ‘పనివాళ్ల గురించి అయినా...’ అన్నాడు. వాళ్ల గురించి నాకు ఆయన చెప్పాలా? ఆ గదుల్లో వాళ్లందరి దగ్గరా నా నంబరు ఉంది. ఎవరికేం కావాలన్నా ఫోను చెయ్యమని అన్నతో చెప్పి ఉంచాను. అయినా మా ఆయన ఆ పూట నాతో సరిగ్గా మాట్లాడలేదు.

డాక్టరు గారు శుక్రవారాలే వెళతాడని నాకు తెలుసు. మిగతా రోజుల్లో సాయంత్రం ఆయనకు బయట ప్రాక్టీసు ఉంటుంది. శుక్రవారం ఆయనకూ సెలవే, పనివాళ్లకూ సెలవే, కంపెనీ కారు పంపుతుంది. చూసేవాళ్లకు ఇంతకంటే మంచి రోజు లేదు. చదువుకున్న వాడెవడైనా ఈ తప్పే చేస్తాడు. తీరిగ్గా ఉన్నప్పుడు మనిషి నిజం చెబుతాడని నమ్ముతాడు.

క్యాంపులో శుక్రవారానికి వంతులుండవు. ఆ రోజు చికెన్ వండుతారు, లేదా బిర్యానీ. గదంతా ఒక్కటై దిగుతుంది. ఒకడు ఉల్లిపాయలు తరుగుతాడు, ఒకడు బియ్యం కడుగుతాడు, ఒకడు ఫోనులో పాటలు పెడతాడు. వారమంతా గోడవైపు తిరిగి పడుకున్నవాణ్ణి కూడా చెయ్యి పట్టి లాక్కొచ్చి మధ్యలో కూర్చోబెడతారు. వాడు కూడా అల్లం ఒలుస్తాడు, నలుగురితో పాటు తింటాడు. శుక్రవారం నాడు ఎవరూ విడిగా తినకూడదని వాళ్లలో వాళ్లకు ఒక కట్టుబాటు. ఇవాళ ఎవరు వండారు అని ఆ రోజు అడిగితే ‘అందరం’ అంటారు. ఎవరితో తిన్నావు అంటే ‘అందరితో’ అంటారు. పచ్చి నిజం. దాంతో ఏమీ తెలియదు.

మొదటి శుక్రవారం అన్న ఫోను చేశాడు. ‘మీ డాక్టర్ సారు వచ్చిండు మేడం. మీరెందుకు వస్తలేరు? సారుకు బిర్యాని పెట్టినం, మస్తు తిన్నడు. మళ్ల వారం గూడ వస్త అన్నడు.’ నేను ‘మంచిది అన్నా’ అన్నాను. ఫోను పెట్టేసి వంటింట్లో ఒక్కదాన్నే నవ్వుకున్నాను. ఆ నవ్వు నాకే కొత్తగా అనిపించింది, కానీ బాగుంది.

ఆ తర్వాత కొన్ని నెలలు అమ్వాజ్‌లో సముద్రం వైపు అద్దాల గదిలో కూర్చుని, రాత్రి భోజనం తర్వాత కేకు తినకుండా ఎలా ఉండాలో నేర్పాను. ఆ ఆడవాళ్లు మంచివాళ్లే. నా కోపం వాళ్ల మీద కాదు. మధ్యమధ్య డాక్టరు గారు నడవలో ఎదురుపడి, ‘నీ పని అద్భుతంగా నడుస్తోందమ్మా’ అనేవాడు. నీ పని అట. వేలం పాటలో కొనుక్కున్నట్టు పట్టుకుపోయి, దారిన పోతూ దానికి నా పేరు పెడతాడు. ‘చాలా సంతోషం సార్’ అనేదాన్ని. లోపల రోజు రోజుకూ కత్తి నూరుకునేదాన్ని.

సభ వచ్చింది. ఆస్పత్రి పెద్దలు, ఆ కంపెనీవాళ్లు, బయటి డాక్టర్లు కొందరు. అధ్యక్షత వహించింది బహ్రెయినీ డాక్టరు ఒకావిడ, తక్కువ మాట్లాడి ఎక్కువ వినే మనిషి. డాక్టరు గారు కొత్త సూటు వేసుకుని తెర మీద బొమ్మలు చూపిస్తూ చెప్పుకుపోయాడు. వంట వంతు, కలిసి తినడం, అన్నీ నా మాటలే, నా పేరు లేదు. అది కూడా ఓర్చుకునేదాన్నేమో. చివర ఆయన తేల్చిన సంగతి వినగానే వెన్ను నిటారైంది. ఈ క్యాంపులో అందరూ కలిసి వండుకుంటున్నారు, కలిసి తింటున్నారు, వీళ్లకు దిగులు జబ్బు దాదాపు లేదు, కాబట్టి సాయంత్రపు క్లినిక్ అవసరం లేదు, మూసేయవచ్చు.

కంపెనీవాళ్ల మొహాలు విప్పారాయి. ఖర్చు తగ్గే మాట కదా.

నేను ఊహించింది ఆయన పరువు పోవడం వరకే. క్లినిక్ కూడా పోతుందని ఊహించలేదు. చెయ్యెత్తాను.

‘మీరు క్యాంపుకు ఏ రోజు వెళ్లారు, సార్?’

ఆయన చిరునవ్వు నవ్వాడు. పిల్లదానికి జవాబు చెబుతున్నట్టు, ‘శుక్రవారాలు. వాళ్లకు తీరిక ఉండేది అప్పుడే కదా’ అన్నాడు.

‘అన్నిసార్లూ?’

‘అన్నిసార్లూ.’

నేనేమీ అనక ముందే వెనక వరుసలో క్యాంపు పెద్ద, మలయాళీ ఆయన, పకపకా నవ్వేశాడు. నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని, ‘సార్, శుక్రవారం బిర్యానీ కదా. నాతో సహా అందరం కలిసే తింటాం’ అన్నాడు హిందీలో. ఆ నవ్వు పక్కవాడికి అంటుకుంది, అక్కణ్ణుంచి ముందు వరుసకు వచ్చింది. అప్పుడు నేను నిలబడి, మిగతా రోజుల్లో గది ఎలా ఉంటుందో, వంతు వదులుకున్నవాడు ఎక్కడ కూర్చుంటాడో, నిదానంగా చెప్పాను. గొంతు వణకలేదు. ఇన్ని నెలలు అద్దం ముందు నేర్చుకున్న పాఠం అది.

అధ్యక్షురాలు డాక్టరు గారి వైపు తిరిగి, ‘ఈ సంగతి మీకు ముందు ఎవరూ చెప్పలేదా?’ అని అడిగింది.

ఆయన నా వైపు చూశాడు. గుర్తొచ్చింది. టీ కప్పు, ఫోను, గుమ్మం దగ్గర నేను, అన్నీ గుర్తొచ్చాయని ఆ మొహంలో కనిపించింది. లేదని చెబుతాడేమోనని ఒక్క క్షణం ఊపిరి బిగబట్టాను.

‘చెప్పారు’ అన్నాడు. ఆ పెద్దమనిషి నన్ను ‘మీరు’ స్థాయికి ఎక్కించడం అదే మొదలు.

క్లినిక్ నా చేతికి తిరిగి వచ్చింది. ఆ వారమే, వారం మధ్యలో సాయంత్రం క్యాంపుకు వెళ్లాను. అన్న స్టవ్వు దగ్గర ఉన్నాడు. గదిలో అందరూ పేపర్లు పరుచుకుంటున్నారు. కడ్డీల మనిషి పై మంచం మీద ఉన్నాడు. పళ్లెం ఒళ్లో పెట్టుకుని ముద్ద కలుపుతున్నాడు, తినడం లేదు. బుగ్గలు లోపలికి పోయాయి. నన్ను చూసి లేవబోయాడు.

‘ఫోను చెయ్యమన్నాను కదా’ అని అన్నను అడిగాను.

‘ఏం జేస్తం మేడం. డాక్టర్ సారు వచ్చి పోతనే ఉండె. మల్ల మీకు ఎందుకు తిప్పలని...’

డాక్టరు గారు తెర మీద చూపించిన బొమ్మల్లో ఈ మనిషి కూడా ఆరోగ్యవంతుల్లోనే ఉన్నాడు. ఆ నెలలన్నీ ఇతను ఒక్కో శుక్రవారం అల్లం ఒలిచి, మిగతా రోజుల్లో ఈ మంచం మీద కరిగిపోయాడు. ఆ పాపం కూడా డాక్టరు గారి ఖాతాలోనే వేశాను. మా ఆయన అయితే ఇంకో రకంగా అంటాడు. అందుకే ఆయనకు ఈ సంగతి చెప్పలేదు. కడ్డీల మనిషిని మళ్లీ కిందికి దింపడానికి ఆ ఎండాకాలమంతా పట్టింది.

డాక్టరు గారు ఆస్పత్రి వదిలి వెళుతున్నాడని తర్వాత తెలిసింది. ఎవరూ పొమ్మనలేదు. అయితే నడవలో ఆయన కనిపిస్తే కుర్రడాక్టర్లు ‘ఇవాళ ఏ వారం?’ అని ఒకరినొకరు అడుక్కునేవాళ్లు. నేను ఆపలేదు. వెళ్లిపోయే ముందు ఒక మధ్యాహ్నం నా గదికి వచ్చి తలుపు దగ్గరగా వేశాడు. నా రోగులు కూర్చునే కుర్చీలో, వాళ్లలాగే అంచు మీద కూర్చున్నాడు. చొక్కా మెడ దగ్గర వదులైంది.

‘నిద్ర పట్టడం లేదమ్మా. కళ్లు మూస్తే ఆ నవ్వే వినపడుతుంది. ముప్ఫై ఏళ్లు పనిచేశాను, ఎవరికీ చెడు చెయ్యలేదు. నేను కావాలని చెయ్యలేదని నీకు తెలుసు కదా? నువ్వొక్కదానివి ఆ మాట అంటే చాలు.’

కళ్లు తడిగా ఉన్నాయి. నటన కాదు, నాకు తెలుస్తుంది. ఆ స్థితిలో ఉన్న మనిషికి ఏ మాట చెప్పాలో, ఎంత మెల్లగా చెప్పాలో, చెప్పాక ఎంతసేపు ఆగాలో నాకు బాగా తెలుసు. అదే నా చదువు, అదే నా తిండి. ఒక్క పొద్దులో ఎంతమందికి చెబుతానో. ఆ మాట అని ఉంటే ఆయన ఆ రోజు ఇంటికి వెళ్లి పడుకునేవాడు.

నేను లేచి తలుపు తీసి పట్టుకున్నాను.

‘వెళ్లిరండి డాక్టరు గారూ’ అన్నాను.